పెద్దబడి యక్షరము



వంటయిల్లు సర్దుకొని, పిల్లలను బడికి సాగనంపి, మధ్యాహ్నమున రెండు గడియల తీరిక చిక్కినప్పుడు మీలో ననేకులు ఈ పత్రికను చేత బట్టుదురు. గడచిన సంవత్సరము మేమా రెండు గడియలను కంప్యూటరునకు పైథాన్ అను భాషలో నాజ్ఞలు వ్రాయుట నేర్చుకొనుటకై వెచ్చించితిమి. ఆడువారికీ విద్య యేల యని యడుగువారు నేడు అరుదు. హైదరాబాదునను, అమెరికాలోను ఈ పని చేసి సంసారముల నీడ్చుచున్న తెలుగు స్త్రీలు అనేకులున్నారు. "అమరమును, రఘువంశమును చదువుకొన్నదానవు, నీకిది యేల?" అని యడిగినవారు మాత్రము మా బంధువర్గముననే కలరు. వారికి ప్రత్యుత్తరమిచ్చుట మా యుద్దేశము కాదు. ఆ భాషలో నొక చిన్న సంగతి గలదు. క్రొత్తగా నేర్చువారందఱును దానిని మొదటి వారముననే దాటిపోవుదురు. మేమును దాటితిమి. దాని వెనుక దాగిన రెండవ సంగతిని చూడక ఒక బాలికకు నష్టము దెచ్చితిమి. ఆ వృత్తాంతము చెప్పెదము.

మా వారు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. ఏటేట ఫీజు రాయితీకి దరఖాస్తు పెట్టుకొను బాలికల జాబితాను సిద్ధపఱచు భారము వారి మీద బడుచుండును. ఎవరి దరఖాస్తు వచ్చినది, ఎవరి యాదాయ ధ్రువపత్రము రాలేదు, ఎవరి బ్యాంకు పుస్తకపు నకలు చిరిగిపోయినది, ఇట్టి వివరములను వారు రాత్రి భోజనమైన పిదప కాగితములు పఱచుకొని సరిచూచుచుండ, మేము ప్రక్కన గూర్చుండి పేర్లు చదువుచుందుము. సంక్రాంతికి వచ్చిన మా యాడుబిడ్డ ఈ తంతు చూచి నవ్వెను. ఆమె హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నది. "వదినా! పది పదునైదు వరుసలు వ్రాసినచో యంత్రమే యీ పని చేసి పెట్టును. అన్నయ్యకు తీరిక లేదు. మీరు నేర్చుకొనరాదా?" అనెను. పోవునప్పుడు తన పాత ల్యాప్‌టాపును మాకిచ్చిపోయెను. తరువాతి పాఠములన్నియు ఫోనులోనే జరిగినవి.

మొదటి పాఠము తేలికగనే యుండెను. ఒక పేరు వ్రాసి, సమాన చిహ్నము పెట్టి, ఒక విలువ నిచ్చినచో యంత్రము ఆ విలువను ఆ పేరుతో జ్ఞాపకముంచుకొనును. వంటయింటి డబ్బాలకు మనము చీటీ లంటించుట వంటిదే యిది. విలువలలో సంఖ్యలు గలవు. కొటేషను గుర్తుల నడుమ వ్రాయబడు మాటలు గలవు. ఇవి కాక, అవును కాదు అను రెంటిని మాత్రమే చెప్పు వేఱొక జాతి గలదు. దానికి బూలియన్ అని పేరు. అవుననుటకు ట్రూ, కాదనుటకు ఫాల్స్. ఆ జాతిలో మూడవదానికి తావు లేదు.

మేము పత్రము అను పేరు వ్రాసి, సమాన చిహ్నము పెట్టి, ఇంగ్లీషున టి, ఆర్, యు, ఇ అను నాలుగక్షరములను చిన్నబడిలో వ్రాసితిమి. యంత్రము అంగీకరింపలేదు. 'నేమ్ ఎర్రర్' అని మొదలుపెట్టి, ట్రూ అను పేరు నిర్వచింపబడలేదని చెప్పి, తుదకు "మీ యుద్దేశము ట్రూ యా?" అని యడిగెను. మేము వ్రాసినదియు ట్రూ యే, అది యడుగునదియు ట్రూ యే! కన్నులు తుడుచుకొని రెండు మాఱులు చూచితిమి. మూడవ మాఱు గాని దాని ట్రూలో మొదటి యక్షరము పెద్దబడిలో నున్నదని మాకు తోచలేదు. ఇట్లు అడుగు మర్యాదయైనను దానికి 2021వ సంవత్సరమున వెలువడిన 3.10 అను రూపముతో అబ్బినదట. అంతకు ముందు నేర్చినవారు ఆ చివరి ప్రశ్న లేకయే తల బద్దలు కొట్టుకొనిరి.

ఇంగ్లీషు అక్షరమాలకు రెండు వేషములున్నవని మన పిల్లల పుస్తకములు చూచిన తల్లులకు తెలియును. చేతితో అచ్చు కూర్చు కాలమున ముద్రాపకులు పెద్దవానిని పై పెట్టెలోను, చిన్నవానిని క్రింది పెట్టెలోను ఉంచుకొనెడివారు. అందుచేతనే నేటికిని ఆ భాషవారు వానిని పై పెట్టె, క్రింది పెట్టె యక్షరములనియే పిలుచుచున్నారు. చదువరికి రెండును ఒకటే. వాక్యారంభమున పెద్దబడి మఱచిన బాలుని ఉపాధ్యాయుడు మందలించును గాని, అర్థము తెలియలేదని యనడు. యంత్రమునకో, అక్షరము రూపము కాదు, ఒక సంఖ్య. పెద్దబడి టి సంఖ్య 84. చిన్నబడి టి సంఖ్య 116. ఎనుబదినాలుగును నూటపదునాఱును ఒకటి యని ఏ లెక్కలో చెప్పుదుము? కనుక చిన్నబడిలో వ్రాసిన ట్రూ దానికి అవునను మాట కాదు. ఎవరో యొక డబ్బాకు పెట్టిన పేరై యుండునని యెంచి, ఆ డబ్బా కొఱకు వెదకి, కానక, లేదని చెప్పుచున్నది. మొదట మేమనుకొన్నట్లు అది మొండితనము కాదు. మూడక్షరములును సరిగా నుండి మొదటిది మాత్రము తప్పినచో "పోనిమ్ము" అను స్వభావము దానికి లేదు, అంతియే. నాలుగింటిని పెద్దబడిలో వ్రాసినను ఇదే గతి. ఫాల్స్ విషయమునను ఇంతే.

ఆ రాత్రి మాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. మేము బడికి పోయినది కొంచెము. చదివినదంతయు వారి యరుగు మీదనే. అరుఁగు అనగా వేదిక, అరుగు అనగా పోవుట. నాడు అనగా దేశము, నాఁడు అనగా గడచిన దినము. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరము. ఈ జంటలను వారు మాచేత ప్రొద్దున లేచి వల్లింపజేయుచుండిరి. చెవికి భేదము లేని యక్షరమునకై ఈ హింస యేలయని మేము లోలోన విసుగుకొనెడివారము. అన్నిటికన్న ఎక్కువ దెబ్బలు తెచ్చినవి రెండు రేఫలు. ఏరు అనగా పోగుచేయుట, ఏఱు అనగా నది. ఒకనాడు ప్రాసస్థానమున ఈ రెంటిని కలిపి పద్యము వ్రాసి చూపగా, వారు పలకను త్రిప్పి మా చేతికిచ్చి లోనికి పోయిరి. కోపగించినను ఓర్చుకొనియుందుము. (నేడు ఈ వ్యాసమున ఉదాహరణములందు దప్ప అరసున్నలను విడిచితిమి. వారు చూచినచో పుట పుటకు ఎఱ్ఱసిరా కాఱియుండును.)

ఆ జ్ఞాపకముతో మాకొక చిలిపి యూహ పొడమెను. 2008వ సంవత్సరమున వచ్చిన మూడవ పైథాన్ మొదలుకొని డబ్బాలకు తెలుగు పేర్లను సయితము పెట్టవచ్చును. మేము శకటరేఫతో ఏఱు అని వ్రాసి, దానికి ఒకటి యను విలువ నిచ్చి, పిమ్మట సాధురేఫతో ఏరు విలువ చూపుమని యడిగితిమి. యంత్రము తక్షణమే ఆ పేరు తానెఱుగనని చెప్పెను! విచారింపగా, కంప్యూటరు లెక్కలో సాధురేఫ సంఖ్య 3120 అనియు, శకటరేఫ సంఖ్య 3121 అనియు తెలిసెను. ప్రక్కప్రక్క యిండ్లే, కాని గోడ గలదు. తండ్రిగారు పలక త్రిప్పి యిచ్చినట్లే యనిపించి, ఒంటరిగా కూర్చుండి నవ్వుకొంటిమి. అది మొదలు పెద్దబడి టి మాకు శత్రువు కాలేదు.

అయినను ఒక సందేహము మిగిలెను. ఇఫ్, ఎల్స్, అండ్, ఆర్, నాట్, వైల్, ఇట్లు ఆ భాషలోని ప్రత్యేక పదములు ముప్పదికి పైబడి యుండగా, అన్నియు చిన్నబడియే. ట్రూ, ఫాల్స్, ఏమియు లేదని చెప్పు నన్ అను మూడింటికి మాత్రమే పెద్దరికమేల? దీనికి చరిత్ర గలదు. ఈ భాషను హాలండు దేశస్థుడగు గీడో వాన్ రోసమ్ 1989వ సంవత్సరపు క్రిస్మసు దినములలో మొదలుపెట్టి 1991వ సంవత్సరమున లోకమున కిచ్చెను. (పేరు కొండచిలువది కాదు. ఇంగ్లండులో టెలివిజనున ప్రదర్శింపబడిన మాంటీ పైథాన్ అను హాస్యపరంపర నుండి గైకొన్నది.) చిరకాలము ఇందు అవును కాదులకు ప్రత్యేకమగు జాతియే లేదు. ఒకటి, సున్నలతో జరుపుకొనిరి. 2002వ సంవత్సరమున ఆ జాతిని చేర్చవలెనని సంకల్పించినప్పుడు, ఇతర భాషలయందు వలె చిన్నబడిలో వ్రాయుదమా, ముందే యింటనున్న నన్ వలె పెద్దబడితో వ్రాయుదమా యని చర్చ జరిగెను. పరభాషలతో పొత్తుకన్న తమ భాషలోని పొందికయే ముఖ్యమని యెక్కువమంది తలచిరి. నన్ అక్కగా నుండగా ట్రూ, ఫాల్స్ చెల్లెండ్రయి వచ్చి అక్క కట్టు కట్టుకొన్నవి.

జావా, జావాస్క్రిప్ట్ అను భాషలలో ఇవే మాటలను చిన్నబడిలోనే వ్రాయవలెను. గణాంకపండితులు వాడు ఆర్ అను భాషలో అన్ని యక్షరములును పెద్దబడి. పుట్టినింట పప్పులో బెల్లము వేయు ఆచారముండవచ్చును. మెట్టినింట వేసినచో అత్తగారు ముద్ద ప్రక్కకు నెట్టుదురు. ఏది సరియని వాదించుట వృథా. ఏ యింట నున్నామో యెఱిగి వండవలెను.

తెలిసినను చేయి మఱచుచుండును. వారము దినములలో నాలుగైదు మాఱులు చిన్నబడి టి వ్రాసి చీవాట్లు తిని, విసిగి, మేమొక యుపాయము పన్నితిమి. ఆజ్ఞల పట్టికకు మొదటనే, చిన్నబడి ట్రూ అను పేరునకు పెద్దబడి ట్రూ విలువయని వ్రాసితిమి. యంత్రము కిమ్మనలేదు. గెలిచితిమని ఫోనులో మా యాడుబిడ్డకు చూపితిమి. ఆమె నవ్వక, "అది తీసివేయుడు వదినా! దానిని దిద్దితిమని మీరనుకొనుచున్నారు గాని, నోరు మూయించితిరి" అనెను. పెద్దబడి ట్రూ విలువను మార్ప నెవరికిని శక్యము కాదు. యంత్రమే యడ్డుపడును. చిన్నబడిది మనము పెట్టిన మామూలు పేరు. ఏమఱుపాటున దానికి ఫాల్స్ అని విలువ నిచ్చినను యంత్రము ఊరకుండును. మేము కొంచెము చిన్నబుచ్చుకొని ఆ వరుసను తుడిచివేసితిమి. నోరు మూయించుట యను ఆమె మాట ఎంత దూరము పోవునో అప్పుడు మాకు తెలియదు.

ఇచట బూలియన్ అను పేరును గూర్చి చెప్పక ముందునకు పోలేము. ఏలయన ఆ పేరు వెనుక మనకు కావలసిన యొక స్త్రీ యున్నది. జార్జి బూల్ 1815వ సంవత్సరమున ఇంగ్లండులోని లింకన్ పట్టణమున చెప్పులు కుట్టువాని యింట పుట్టెను. చాలవఱకు స్వయముగా చదువుకొని, ఐర్లండులోని కార్క్ నగరమున గణితాచార్యుడయ్యెను. మనుష్యుని ఆలోచనను బీజగణితము వలె ఒకటి, సున్నలతో వ్రాయవచ్చునని 1854వ సంవత్సరమున పెద్ద గ్రంథమును ప్రకటించెను. మఱుసటి యేట మేరీ ఎవరెస్టును వివాహమాడెను. ఆమె పెదతండ్రియే హిందూదేశమును కొలిచిన జార్జి ఎవరెస్టు. మన హిమశిఖరమునకు పెట్టబడిన పేరు అతనిదే. 1864వ సంవత్సరమున బూల్ గతించునప్పటికి మేరీకి ముప్పదిరెండేండ్లు, ఐదుగురు ఆడుపిల్లలు, కడసారి పిల్లకు ఏడాది నిండలేదు. ఆమె లండనునకు పోయి, ఒక స్త్రీల కళాశాలలో గ్రంథాలయ పాలకురాలుగా కుదిరి, పిల్లలను పెంచెను. చిన్నవారికి గణితము చెప్పుటకు ఆమె కనిపెట్టిన పద్ధతి మనకు నచ్చును. అట్టముక్కకు రంధ్రములు పొడిచి, సూదిదారముతో తిన్నని కుట్లు కుట్టింపగా కుట్టింపగా వానిలోనుండి వంపుగీత తనంతట దానే మొలచును. ఆమె కుమార్తెలలో అలీషియా విశ్వవిద్యాలయమున అడుగుపెట్టకయే నాలుగు పరిమాణముల క్షేత్రగణితమున పరిశోధన చేయగా, 1914వ సంవత్సరమున హాలండులోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయము గౌరవ పట్టమిచ్చెను. యంత్రములయందు బూల్ పేరు నిలిచినది. సూదిదారము పట్టిన చేతిని తలచువారు తక్కువ.

బూల్ నాటి ఒకటియు సున్నయు పైథానున నేటికిని ట్రూ, ఫాల్సుల లోపల దాగియున్నవి. ట్రూకు ట్రూ కలిపినచో రెండగును. ఇది మాకు చాల యుపకరించెను. జాబితాలో ఎందఱు పత్రములిచ్చిరో తెలియుటకు వేఱు లెక్క యక్కఱలేదు. అవునులన్నిటిని కూడిన చాలును.

ఇక జాబితా సంగతి. బాలికలు నలుబదిమువ్వురు. మేము వారి పేర్లను కంప్యూటరులోని లెక్కల పట్టికలో వ్రాసి, ప్రతి పేరునకు ఎదుట ఆదాయ ధ్రువపత్రము వచ్చినచో ట్రూ యనియు, రానిచో ఫాల్స్ యనియు చేర్చితిమి. ఆ పట్టికను మామూలు పాఠముగా మార్చి పైథానునకు చదువ నిచ్చితిమి. పత్రమున్నచో లెక్కలో చేర్చుము, లేనివారి పేరు చూపుము అని ఆజ్ఞ వ్రాసితిమి. ఒక్క తప్పును యంత్రము పట్టలేదు. పెద్దబడి చిన్నబడి కలహము లేదు. లెక్క తేలినది. నలుబదిమూడింటికి నలుబదిమూడు. లేనివారి పేర్ల చోటు ఖాళీ.

మా వారు సంతోషించిరి. ఈ యేడు పిల్లలు బుద్ధిగా నుండిరని మేమును మురిసితిమి. పట్టికను చేతితో నింపినవారము మేమే గదా, అందు ఫాల్స్ అని వ్రాసిన చేయి మాదే గదా, ఆ సంగతి ఎట్లు మఱచితిమో నేటికిని మాకు వింతయే. యంత్రము చెప్పిన లెక్క చూడగనే కంటితో చూచినది చెఱిగిపోయెను.

పది దినములు గడచెను. దరఖాస్తులకు గడువు శనివారము. గురువారము రాత్రి మా వారేదో పని మీద ఒక బాలిక పత్రమును కట్టలో వెదకిరి. లేదు. పట్టిక తెఱచి చూడగా ఆమె పేరు కెదుట ఫాల్స్ అనియే యున్నది. యంత్రము మాత్రము వచ్చినదనెను. మాకు కాళ్లు చేతులు చల్లబడెను. వెంటనే ఆడుబిడ్డకు ఫోను చేసితిమి. ఆమె మా యాజ్ఞలను చదివి, కొంత సేపూరకుండి, "వదినా! పట్టికనుండి వచ్చిన ఫాల్స్ ఫాల్స్ కాదు. ఫాల్స్ అని వ్రాసిన కాగితము ముక్క" అనెను.

సోదరీమణులారా, ఇచట కొంచెము నిలిచి వినుడు. కొటేషను గుర్తుల నడుమ నున్నట్లు భావింపబడు మాట యంత్రమునకు ఉత్త మాట. పాఠముగా చదివినదంతయు అట్టి మాటయే. ఆ మాటను పట్టుకొని అవునా కాదా యని యడిగినచో అది అర్థమును చూడదు. డబ్బా ఖాళీయా కాదా యని మాత్రమే చూచును. ఒక్క యక్షరమున్నను అవుననును. ఏ యక్షరమును లేనిచోనే కాదనును. మన యిండ్లలో బియ్యమైపోయినవని నోట ననరాదు. నిండుకొన్నవందుము. ఆ మాట తెలియని క్రొత్త పనిమనిషి ఇంకను డబ్బా నిండుగా నున్నదని బియ్యము తేక యూరకుండును. యంత్రము చేసినది సరిగా నదే. పండ్రెండుగురు బాలికల పేర్ల కెదుట మేము ఫాల్స్ అని వ్రాసితిమి. అందు ఐదక్షరములున్నవి కనుక డబ్బాలు నిండినవని అది నమ్మెను.

ఆ రాత్రి దిద్దబోయి మఱల తప్పితిమి. పట్టికలోని మాట ట్రూ యను మాటతో సమానమైనచో లెక్కించుమని, ఈ మాఱు శ్రద్ధగా పెద్దబడి టి పెట్టి, తక్కినవి చిన్నబడిలో వ్రాసితిమి. లెక్క సున్న! ఒక్కరును పత్రమియ్యలేదట. ఏలయన ఆ లెక్కల పట్టిక మనమెట్లు వ్రాసినను నాలుగక్షరములను పెద్దబడికి మార్చి దాచుకొనును. అది దాని యింటి యాచారము. చివరకు ఆడుబిడ్డ చెప్పినట్లు, వచ్చిన మాట అంచుల నున్న ఖాళీలను తుడిచి, అక్షరములన్నిటిని చిన్నబడికి దింపి, అపుడు చిన్నబడి ట్రూ యను మాటతో పోల్చితిమి. వారముల తరబడి చీవాట్లు తెచ్చిన చిన్నబడి టి, కొటేషను గుర్తుల లోపల ఇచట సరియైనదే యాయెను. ముప్పదియొక్కటి యని తేలినది. మిగిలిన పండ్రెండు పేర్లును వరుసగా తెరపై నిలిచినవి. ట్రూ, ఫాల్స్ అను రెండు మాటలు గాక మఱేమి వచ్చినను ఆగి కేక వేయవలెనని యొక వరుసను కూడ చేర్చితిమి.

శుక్రవారము తెల్లవాఱకమునుపే మా వారు స్కూటరు మీద ఒక వైపునకు, మేము ఆటోలో నొక వైపునకు బయలుదేరితిమి. ఆదాయ పత్రములు ఒక పూటలో వచ్చునవి కావు. అయినను కొందఱి యిండ్లలో పత్రము వచ్చియే యుండెను, తెచ్చి యిమ్మని యడుగువారు లేక పెట్టెలో నుంచిరి. కొందఱి తండ్రులు పనులు మాని కచేరీ చుట్టు తిరిగిరి. శనివారము సాయంకాలమునకు పదునొకండు వచ్చినవి. పండ్రెండవ బాలిక తల్లి వితంతువు. ఆమె మిరపకాయ కోతలకై పొరుగు జిల్లాకు కూలికి పోయియుండెను. ఫోను మ్రోగలేదు. పిల్ల అమ్మమ్మతో నున్నది. తల్లి సంతకము లేనిదే పని జరుగదు. సోమవారము ఆమె తిరిగి వచ్చెను.

మంగళవారము ఆమె మా యింటికి వచ్చినప్పుడు మేము వసారాలో నుంటిమి. కూర్చుండుమన్నను గడప దగ్గఱ నిలుచుండెను. జరిగినది దాచక చెప్పితిమి. ఆమెకు ట్రూ తెలియదు, ఫాల్స్ తెలియదు. పట్టికయందు తప్పు పడినదని, అది మా చేతి తప్పని మాత్రము గ్రహించెను. కోపపడలేదు. "పది దినాల ముందు ఒక్క మాట చెప్పియుంటే, ఒక పూట కూలి పోగొట్టుకొని వచ్చేదాన్ని గదమ్మా" అని, చెంగుతో ముఖము తుడుచుకొని వెడలిపోయెను. ఆ యేటి రాయితీ ఆ పిల్లకు రాలేదు. ఆ సొమ్మును మా యింటి ఖర్చులోనుండి కట్టితిమి. దీని నిచట వ్రాయుట గొప్పకు కాదు, చెప్పనిచో మీరు అడుగుదురని. కట్టినంత మాత్రమున ఆ తల్లి మాటకు బదులు చెప్పినట్లు కాలేదు.

చిన్నబడి టి వ్రాసినప్పుడెల్ల యంత్రము మమ్ము ఆపుచుండెను. ఆ యాపుటను మేము వేధింపనుకొని దాని నోరు మూయ జూచితిమి. నిజముగా హాని చేసిన తప్పు దగ్గఱ దానికి నోరే లేదు. క్రొత్తగా నేర్చువారికి తఱచుగా మొదటి తప్పును గూర్చియే పదే పదే హెచ్చరిక చేయుదురు. అదియు కావలసినదే. కాని ఆ తప్పు తన్ను తాను చాటుకొనును, అరగడియలో దిద్దుకొనవచ్చును. రెండవదానిని గూర్చి మాకు ముందే యొకరు చెప్పియున్న బాగుండెడిది.

ఆ పిల్ల ఇపుడు తొమ్మిదవ తరగతి. ఈ యేటి జాబితాకు పేర్లు చదువుట ఆమె పని. సాయంకాలము బడి వదలగనే సంచి వసారాలో పెట్టి, కాళ్లు కడుగుకొని వచ్చి, మా ప్రక్కన కూర్చుండును. మొన్న తన పేరు తానే చేర్చెదనని యడిగెను. ఈ మాఱు పట్టిక కాదు, పైథానులోనే. పత్రము అని వ్రాసి, సమాన చిహ్నము పెట్టి, నాలుగక్షరములను గబగబ చిన్నబడిలో కొట్టెను. మేము చూచియు చెప్పలేదు. తెర మీద నేమ్ ఎర్రర్ పడెను. పిల్ల తెరకు దగ్గఱగా వంగి చదివి, మా వైపు తిరిగి, "అమ్మగారూ, ఇది అఱుస్తోంది!" అనెను. మంచిది, అఱవనిమ్మంటిమి.